ప్రకటనలో 1350, గదుల్లో 943

తిరుపతిలో ఇళ్ల అమ్మకపు ప్రకటనలు చదివేవారికి రెండు రకాల కొలతలు కనిపిస్తాయి. సొంత స్థలంలో కట్టిన ఇల్లయితే అంకణాల్లోనూ, అపార్టుమెంటులో ఫ్లాటయితే చదరపు అడుగుల్లోనూ చెబుతారు. మనం నిజంగా వాడుకోగలిగే చోటెంతో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. జీవితకాలపు పొదుపంతా పెట్టి ఇల్లు కొనే కుటుంబాలు, ప్రకటనలోని ఆ ఒక్క అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు అంకణం సంగతి. తిరుపతి, చిత్తూరు వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, నాయుడుపేట వంటి ప్రాంతాలు ఇందులో చేరాయి కాబట్టి, ఒకే జిల్లాలో ఈ రెండు లెక్కలూ ఎదురవుతాయి. 40 అంకణాలంటే ఒకరికి 1440 చదరపు అడుగులు, మరొకరికి 2880. బయానా ఇచ్చేముందు దస్తావేజులో గజాల్లోనో చదరపు మీటర్లలోనో రాసిన విస్తీర్ణం చూసుకోవాలి. పైగా అంకణాల్లో చెప్పేది స్థలం మాత్రమే. చుట్టూ వదిలిన ఖాళీ, మెట్లు, గోడలు పోగా గదులకు మిగిలేదెంతో విడిగా లెక్క వేసుకోవలసిందే.

ఫ్లాటు విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. బయటి గోడలతో సహా 30 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న ఫ్లాటును తీసుకుందాం. దాని బిల్టప్ ఏరియా 1080 చదరపు అడుగులు. బయటి గోడలు తొమ్మిది అంగుళాల మందమైతే, లోపలి కొలత 28.5 అడుగులు, 34.5 అడుగులు అవుతుంది. అంటే 983 చదరపు అడుగులు. గోడలకే దాదాపు 97 చదరపు అడుగులు పోయాయన్నమాట. మిగిలిన ఆ 983లో 40 చదరపు అడుగుల బాల్కనీ ఉంటే, దాన్నీ తీసేయగా 943 మిగులుతుంది. ఇప్పుడు మెట్లు, లిఫ్టు, వరండాల వంటి ఉమ్మడి చోట్ల పేరిట బిల్డరు 1080 మీద 25 శాతం కలిపితే 1350 అవుతుంది. సూపర్ బిల్టప్ ఏరియా అని ప్రకటనలో వేసేది ఈ అంకెనే. చదరపు అడుగు 5000 రూపాయల చొప్పున ధర 67.5 లక్షలు. అదే మొత్తాన్ని 943తో భాగిస్తే అడుగు 7158 రూపాయలు పడుతుంది. ఉమ్మడి చోట్లకు డబ్బు తీసుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు, వాటిని కట్టడానికీ ఖర్చవుతుంది. ఎంత కలిపారో చెప్పకుండా కలపడమే అన్యాయం.

రెరాగా పిలిచే 2016 నాటి స్థిరాస్తి చట్టం ఈ గందరగోళాన్ని సరిచేయడానికి కార్పెట్ ఏరియాను, అంటే ఫ్లాటు లోపల నిజంగా వాడుకోగలిగే చోటును (పై లెక్కలో 943), స్పష్టంగా నిర్వచించింది. బయటి గోడలు, గొట్టాలు వెళ్లే షాఫ్టులు, ఫ్లాటుకు ప్రత్యేకించిన బాల్కనీ లేదా వరండా, ఆరుబయలు డాబా ఇందులోకి రావు; గదుల మధ్య అడ్డుగోడలు మాత్రం వస్తాయి. ప్రాజెక్టును నమోదు చేసేటప్పుడు బిల్డరు కార్పెట్ ఏరియాను, దానితోపాటు బాల్కనీ, డాబాల విస్తీర్ణాన్ని తెలియజేయాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ నమోదు తప్పనిసరి కాదు. 500 చదరపు మీటర్లంటే తిరుపతి లెక్కలో దాదాపు 150 అంకణాలు. సందుల్లో కట్టే చిన్న అపార్టుమెంట్లు ఈ మినహాయింపు కిందికి వచ్చే అవకాశం ఉంది కనుక, అక్కడ కొనేవారే టేపు పట్టుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. ఒక గోడ ప్లాస్టరింగు నుంచి ఎదుటి గోడ ప్లాస్టరింగు దాకా టేపు పెట్టి ప్రతి గదినీ కొలిచి, అడ్డుగోడలు ఆక్రమించిన చోటును కలుపుకోవాలి. ప్లానులో చూపిన గది కొలత గోడల మధ్యగీతల నుంచి తీసినదైతే, పది అడుగుల గది లోపల తొమ్మిదిన్నర కూడా ఉండకపోవచ్చు. మంచం, బీరువా పట్టాక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో తేల్చేది ఆ అరడుగే. బాల్కనీకి అల్యూమినియం కిటికీలు బిగించి గదిలా మార్చినా అది కార్పెట్ ఏరియా కాదు. పాత ఫ్లాట్లు చూసేటప్పుడు ఇది ప్రత్యేకంగా గమనించాలి.

పాత ఫ్లాటైతే స్థలంలో వచ్చే అవిభక్త వాటాను, అంటే భవనం ఉన్న నేలలో విడదీయకుండా ఆ ఫ్లాటుకు దక్కే భాగాన్ని కూడా అంతే పట్టుదలగా అడగాలి. కట్టడం పాతబడేకొద్దీ దాని విలువ తగ్గుతుంది, భవనాన్ని కూల్చి మళ్లీ కట్టే రోజు వస్తే చేతిలో ఉండేది ఆ వాటాయే. కార్పెట్ ఏరియా, బాల్కనీ, ఉమ్మడి చోట్ల వాటా, స్థలంలో అవిభక్త వాటా నాలుగింటినీ అమ్మకపు ఒప్పందంలో విడివిడిగా రాయించి, గదుల కొలతల కాగితం మీద అమ్మేవారి సంతకం తీసుకుని దానికి జతచేయించుకోవాలి. రాయడానికి వారు ఒప్పుకోకపోతే, బయానా ఇవ్వకుండా ఆగడమే మంచిది.