ఒకే పెట్టె, మూడు డెక్ యంత్రాలు: ఫైళ్ల మార్పిడి పని ఇంతవరకు

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే అందరూ డెక్ అని పిలిచిన కంప్యూటర్ల తయారీ సంస్థ, 1982 మే నెలలో మూడు పర్సనల్ కంప్యూటర్లను ఒకేసారి ప్రకటించింది. డెక్ పాత మినీ కంప్యూటర్ పీడీపీ-8 వారసత్వంతో వచ్చిన 12 బిట్ల డెక్‌మేట్ 2, మరో మినీ కంప్యూటర్ పీడీపీ-11 వారసత్వంతో వచ్చిన 16 బిట్ల ప్రొఫెషనల్ 350, జడ్80, 8088 ప్రాసెసర్లు రెండూ ఉన్న రెయిన్‌బో 100. మూడింటికీ కీబోర్డు ఎల్‌కే201, ఫ్లాపీ డ్రైవ్ ఆర్‌ఎక్స్50. ఇంత సామ్యం ఉన్న ఈ మూడు కుటుంబాల మధ్య 600 అక్షరాల ఆస్కీ టెక్స్ట్ ఫైలును చేరవేయడమే ఈ విడత నేను పెట్టుకున్న పని.

డిస్క్ విషయంలో చిక్కేమీ లేదు. ఒక వైపు మాత్రమే వాడే ఆర్‌ఎక్స్50 ఫ్లాపీలో 80 ట్రాక్‌లు, ట్రాక్‌కు 10 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు ఉంటాయి కాబట్టి ఇమేజ్ ఫైలు, అంటే ఫ్లాపీ మొత్తానికి నకలు, సరిగ్గా 4,09,600 బైట్లు రావాలి. పీడీపీ-11 వైపు నేను వాడుతున్నది సిమ్‌హెచ్ ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటర్లను ఇప్పటి కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రాం. అందులో 'సెట్ ఆర్‌క్యూ0 ఆర్‌ఎక్స్50' అని చెప్పి, ఆ తరువాత ఇమేజ్‌ను అటాచ్ చేస్తే చాలు. నిజమైన ఫ్లాపీ నుంచి సెక్టార్లను భౌతిక క్రమంలో చదివి ఇమేజ్ తీసినవారు మాత్రం ముందుగా వాటిని ఇంటర్లీవ్ (వరుస సెక్టార్లను డిస్క్ మీద ఎడంగా అమర్చే పద్ధతి) ప్రకారం తార్కిక క్రమంలోకి సర్దుకోవాలి.

అసలు పని ఫైలు లోపల మొదలైంది. రెయిన్‌బోలోని ఆపరేటింగ్ సిస్టమ్ సీపీఎం ఫైలును 128 బైట్ల రికార్డులుగా లెక్కిస్తుంది. టెక్స్ట్ ముగిసిన చోట కంట్రోల్-జడ్, అంటే హెక్స్‌లో 1ఏ, ఉంటుంది. ప్రొఫెషనల్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ పీఓఎస్‌కు మాతృక పీడీపీ-11 ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఆర్‌ఎస్‌ఎక్స్-11ఎం-ప్లస్. అందులో మామూలు టెక్స్ట్ ఫైలులో పంక్తి చివర ఏ గుర్తూ ఉండదు. ప్రతి పంక్తికి ముందు దాని పొడవు రెండు బైట్లలో ఉంటుంది, పొడవు బేసి సంఖ్య అయితే చివర ఒక బైటు అదనంగా చేరుతుంది. డెక్‌మేట్ బదులు నేను సిమ్‌హెచ్ పీడీపీ-8 మీద దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/8ను నడుపుతున్నాను. అక్కడ మూడు అక్షరాలు రెండు 12 బిట్ల పదాలలో ఇముడుతాయి: మొదటి రెండు అక్షరాలు ఆయా పదాల కింది 8 బిట్లలో, మూడవ అక్షరం రెండు సగాలుగా విడిపోయి పై 4 బిట్లలో ఉంటాయి. నా 600 అక్షరాలకు 400 పదాలు పట్టాయి. సిమ్‌హెచ్ డిస్క్ ఇమేజ్‌లో ఒక్కొక్క 12 బిట్ల పదం రెండు బైట్ల చోటు తీసుకుంటుందన్న సంగతిని, అక్షరాల ఎనిమిదవ బిట్ సాధారణంగా 1గా ఉంటుందన్న సంగతిని స్క్రిప్టులో లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు పైథాన్ స్క్రిప్టు ఓఎస్/8 నుంచి సీపీఎంకు, సీపీఎం నుంచి ఓఎస్/8కు ఫైలును ఏ తేడా లేకుండా మారుస్తోంది.

ఈ పని చేస్తున్నంతసేపూ నన్ను వదలని ఆలోచన ఒకటుంది. డెక్ సహ వ్యవస్థాపకుడు కెన్ ఓల్సెన్ 1960ల మధ్యలో సంస్థను ఉత్పత్తి శ్రేణులుగా విభజించి, ఒక్కొక్క శ్రేణి లాభనష్టాలకు దాని అధిపతినే బాధ్యుణ్ణి చేశారు. పీడీపీ-8, పీడీపీ-10, పీడీపీ-11 వంటి యంత్రాలు పక్కపక్కనే ఎదగడానికి ఆ స్వేచ్ఛ ఎంతో తోడ్పడిందని నా నమ్మకం, ఎందుకంటే ప్రయోగశాల కొనుగోలుదారుకూ విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రానికీ అవసరాలు వేరు. 1982లో మాత్రం మూడు యంత్రాలూ ఒకే కార్యాలయపు బల్ల కోసం పోటీపడ్డాయి. పోటీని ఆపవలసిన అవసరం అప్పుడు కూడా లేదు. మూడు జట్లూ తప్పనిసరిగా చదవవలసిన ఒక్క ఉమ్మడి ఫ్లాపీ ఫార్మాట్‌ను నిర్ణయించి ఉంటే సరిపోయేది. దానికి బదులు, తొలినాళ్లలో రెయిన్‌బో కొన్నవారికి ఫ్లాపీని ఫార్మాట్ చేసుకునే వీలు కూడా లేక, ఫార్మాట్ చేసిన ఫ్లాపీలను డెక్ నుంచే కొనవలసి వచ్చింది. తయారీ విభాగానికి కలిసివచ్చిన ఏకరూపత కొనుగోలుదారుకు చేరలేదు.

మిగిలినది ఆర్‌ఎస్‌ఎక్స్ భాగం. పంక్తుల పొడవులను చదవడం పూర్తయింది. ఫైలు హెడర్‌లో క్యారేజ్ రిటర్న్ లక్షణాన్ని (ప్రతి రికార్డునూ విడి పంక్తిగా చూపాలని చెప్పే గుర్తును) సరిగా రాసే భాగం ఇంకా చేయాలి. అంతవరకు ఆ వైపుకు ఫైలును పంపేటప్పుడు ఇమేజ్‌లోకి నేరుగా రాయకుండా, ఎమ్యులేటర్ కన్సోల్‌లో టెక్స్ట్‌ను అతికించే పద్ధతినే వాడుతున్నాను.