ఆ డి అంకె కాదు, అక్షరమే

ఆఫీసు బ్రౌజర్లకీ ఇంటర్నెట్‌కీ మధ్య ఉండే పాత ప్రాక్సీ సర్వర్ తీసేసి, స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ పెట్టే పని నా నెత్తిన పడినప్పుడు ఒక్క పూట పని అనుకున్నాను. పాతదాంట్లో యూఆర్‌ఎల్‌లను (వెబ్ అడ్రసులను) ఆపే ప్యాటర్న్‌లు 214 ఉన్నాయి. అవీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లే (రెజెక్స్, అంటే అక్షరాల వరుస ఎలా ఉండాలో గుర్తులతో చెప్పే సూత్రాలు), స్క్విడ్‌లో యూఆర్‌ఎల్_రెజెక్స్ అనే రూల్ అడిగేదీ అవే. ఫైలు తెచ్చి పెడితే సరిపోతుందిగా! పెట్టాను. స్క్విడ్ చేత కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఒకసారి చదివించి చూస్తే మూడు లైన్ల దగ్గర మాత్రం గొణిగింది. ఆ మూడింటినీ కామెంట్ చేసి (స్క్విడ్ పట్టించుకోకుండా గుర్తు పెట్టి), మధ్యాహ్నానికల్లా సర్వీసు నడిపించేశాను.

మర్నాడు పొద్దున్నే అకౌంట్స్ వాళ్ల ఫోన్. "కొత్త ఎంట్రీ పేజీ తెరుచుకోవట్లేదండీ, మిగతావన్నీ వస్తున్నాయి." లాగ్‌లో చూస్తే టీసీపీ_డినైడ్/403, అంటే ప్రాక్సీయే ఆపేసింది. ఆ పేజీ అడ్రసులో ఉన్నది 'చేర్చు' అనే అర్థంలో వాడే యాడ్, అంటే ఏ పక్కన రెండు డిలు. దాన్ని ఆపిన ప్యాటర్న్ మాత్రం ప్రకటనల ఫోల్డర్ల కోసం రాసింది: ఏ, ఒక డి, తర్వాత బ్యాక్‌స్లాష్ డి, దాని పక్కన నక్షత్రం ('ముందున్నది ఎన్నిసార్లయినా, అసలు లేకపోయినా సరే' అని), చివర స్లాష్. ఏడి, ఏడి1, ఏడి22 ఇలా అంకె ఉన్నా లేకపోయినా ఆగాలని రాసినవాళ్ల ఉద్దేశం.

పాత ప్రాక్సీ రెజెక్స్‌లను పీసీఆర్‌ఈతో చదివేది. ఫిలిప్ హేజెల్ 1997లో మొదలుపెట్టిన లైబ్రరీ అది. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతి కాబట్టి బ్యాక్‌స్లాష్ డి అంటే అందులో ఏదో ఒక అంకె. నేను పెట్టిన స్క్విడ్ ఆ లైబ్రరీ జోలికే పోదు. లైనక్స్ సీ లైబ్రరీ ఇచ్చే పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఎక్స్‌టెండెడ్ వ్యాకరణంతో చదువుతుంది. అక్కడ బ్యాక్‌స్లాష్ డికి ప్రత్యేకార్థం ఏదీ లేదు, ఉత్త డి అక్షరంగానే చూస్తుంది. అంటే నా రూల్ 'ఏ, డి, ఆపైన ఎన్ని డిలైనా' అని మారిపోయింది. ఎంట్రీ పేజీని పట్టుకుని, ఏడి22ని దర్జాగా వదిలేసింది. నేను పరీక్షించింది అంకె లేని ఏడి ఒక్కదాన్నే. అది ఆగింది, నేనూ అక్కడితో ఆగాను.

తప్పని చెప్పిన మూడు లైన్లు నయం, కిక్కురుమనకుండా ఒప్పుకున్నవే ముంచాయి. పైగా బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (పదంలో వచ్చే అక్షరం), బ్యాక్‌స్లాష్ ఎస్ (ఖాళీ జాగా) రెండూ ఆ సీ లైబ్రరీ రాసిన గ్నూ వాళ్లు చేర్చిన అదనపు హంగులుగా ఇక్కడా పనిచేస్తాయి. అవి పనిచేయడం చూశాక డి మాత్రం పనిచేయదని ఎవరికి తడుతుంది?

సరే, సెడ్ అనే టెక్స్టు మార్చే కమాండ్‌తో బ్యాక్‌స్లాష్ డి ఉన్న చోటల్లా [0-9] అని మార్చేశాను. ఇంకో గొయ్యి తవ్వుకున్నానన్నమాట. కొన్ని ప్యాటర్న్‌లలో అది ముందే చదరపు బ్రాకెట్ల లోపల, చుక్కతో కలిసి ఉంది. మార్చాక [[0-9].] అయి కూర్చుంది. దీన్ని పోజిక్స్ చదివే తీరు వేరు: ఒక చదరపు బ్రాకెట్టో అంకో, తర్వాత ఏదో ఒక అక్షరం, తర్వాత మూసే బ్రాకెట్. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి పార్సర్ మళ్లీ మౌనం. ఆ లైన్లన్నీ చేత్తో [0-9.] అని దిద్దాను.

మొదట గొణిగిన మూడూ (?! గుర్తు వాడే ముందుచూపు ప్యాటర్న్‌లు, అంటే 'తర్వాత ఫలానాది రాకూడదు' అని చెప్పేవి. 'డౌన్‌లోడ్స్ కింద ఉన్నదంతా ఆపు, ప్యాచెస్ తప్ప' లాంటివి. పోజిక్స్‌లో ఆ సౌకర్యమే లేదు. ఒక్కోదాన్ని రెండు ఏసీఎల్‌లుగా (స్క్విడ్‌లో పేరు పెట్టి రాసే షరతులుగా) విడగొట్టాను: ఒకటి డౌన్‌లోడ్స్‌కి, ఒకటి ప్యాచెస్‌కి. డినై (ఆపు అనే) లైన్లో మొదటిది, దాని పక్కనే 'కాదు' అని చెప్పే ఆశ్చర్యార్థకంతో రెండోది. ఒకే లైన్లో ఉన్న ఏసీఎల్‌లన్నీ నిజమైతేనే ఆ లైన్ వర్తిస్తుంది కాబట్టి లెక్క కుదిరింది. నిజం చెప్పాలంటే పాత ప్యాటర్న్ కన్నా ఇదే చదవడానికి హాయిగా ఉంది.

.*? (పీసీఆర్‌ఈలో 'వీలైనంత తక్కువే పట్టుకో' అని) ఉన్న లైన్లు చూసి కంగారుపడ్డాను గానీ వాటిని ముట్టుకోలేదు. ఇక్కడ ప్రాక్సీ అడిగేది సరిపోలిందా లేదా అన్నదొక్కటే. ఎంత మేర సరిపోలిందో దానికి పట్టదు, కాబట్టి పొదుపుగా తీసుకున్నా ఆశగా తీసుకున్నా జవాబు ఒకటే.

అసలు దెబ్బ హెచ్‌టీటీపీఎస్ దగ్గర తగిలింది. ఆ సైట్లకి దారి ఇమ్మని బ్రౌజర్ కనెక్ట్ అనే అభ్యర్థన పంపినప్పుడు ప్రాక్సీకి కనపడేది హోస్టు (సైటు) పేరు, పోర్టు. మిగతాదంతా గుప్తలిపిలో పోతుంది, ఆ ట్రాఫిక్‌ను మధ్యలో విప్పితే తప్ప ఫోల్డర్ల పేర్లు తెలియవు. మేం విప్పం. దాంతో సగానికి పైగా ప్యాటర్న్‌లు ఏ వ్యాకరణంలో రాసినా ఉత్తవే అని తేలింది. వాటిలో డొమైన్ మొత్తాన్ని ఆపినా ఇబ్బంది లేనివాటిని డీఎస్‌టీడొమైన్ (సైటు పేరు మాత్రమే చూసే స్క్విడ్ రూల్) జాబితాలోకి మార్చాను. ముందు ఒక చుక్క పెడితే సబ్‌డొమైన్లూ వచ్చేస్తాయి, రెజెక్స్ గొడవే ఉండదు.

చివరికి రెజెక్స్ ఫైల్లో మిగిలినవి 61. ఒక్కోదానికి ఆగాల్సిన యూఆర్‌ఎల్ ఒకటి, ఆగకూడనిది ఒకటి రాసుకుని, కర్ల్‌తో (వెబ్ అడ్రసులను తెరిచే కమాండ్) ప్రాక్సీ గుండా పంపి 403 వచ్చిందో లేదో చూసే చిన్న స్క్రిప్టు పెట్టాను. మొదటిసారి నడిపినప్పుడు నాలుగు తేడా కొట్టాయి. రెండింట్లో చుక్క ముందు బ్యాక్‌స్లాష్ మర్చిపోయారు (అది లేకపోతే చుక్కంటే ఏ అక్షరమైనా సరే), ఇది పాత ప్రాక్సీ రోజుల నుంచీ ఉన్న తప్పే. మిగతా రెండూ ఎందుకు రాశారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. వాటిని కామెంట్ చేసి వదిలేశాను, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.