భేటింగ్: నాగోబా ముందు కొత్త కోడలు

పుష్య మాసం అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు తమ నాగదేవుడు నాగోబాకు మహాపూజ చేస్తారు. చెప్పుల్లేకుండా గోదావరిలోని హస్తినమడుగు దాకా నడిచి వెళ్లి, ఝారి అనే పాత్రలో తెచ్చిన గంగాజలంతో అభిషేకం. నాగోబా జాతర అనగానే అందరూ ఈ నడక గురించి చెబుతారు, లేదంటే 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన, గిరిజనుల సమస్యలు అధికారులు వినే దర్బార్ గురించి. నా మనసు మాత్రం పూజ అయ్యాక జరిగే భేటింగ్ దగ్గరే ఆగుతుంది.

మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు ఆ రాత్రి తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని గుడికి వస్తారు. పెద్దాడవాళ్లు వాళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. అప్పటిదాకా ఆ కోడలికి నాగోబా పూజలో చోటు లేదు. ఈ ఏడు రావడం కుదరకపోతే మళ్లీ పుష్య అమావాస్య దాకా ఆగాల్సిందే. బిడ్డల తల్లి అయినా సరే, భేటింగ్ కాకపోతే నాగోబా దగ్గర ఆమె ఇంకా కొత్త కోడలే.

మనలో చాలా ఇళ్లలో కోడలు గడప మీది బియ్యం చెంబు కాలితో తోసి లోపలికొస్తే పని అయిపోయినట్టే. ఇంటిపేరు మారుతుంది, ఇలవేల్పు మారుతుంది. ఆ ఇలవేల్పుకు ఈమె ఫలానా అని ఎవరైనా చెబుతారా? గోండులు చెబుతారు. వాళ్లలో వంశాన్ని బట్టి పేన్, అంటే దేవుడు. పెళ్లితో అమ్మాయి పేన్ మారుతుంది కాబట్టి పరిచయం తప్పదు.

ముసుగు దగ్గర మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. దేవుడికి మనిషిని చూపిస్తూ ముఖం కప్పడం ఏమిటి అనిపిస్తుంది. దేవుడి దగ్గరికి దారి భర్త వంశం మీదుగానే ఉండటం కూడా అంత తేలిగ్గా మింగుడుపడదు.

అయితే పెళ్లి చేసి పంపిన కూతుళ్లను నాగోబా వదులుకోడు. మహాపూజకు ముందు సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండల్లో కోనేటి నీళ్లు తెచ్చి, పుట్టమట్టి తడిపి, కొత్త పుట్ట కట్టే పని ఆడపడుచులదీ అల్లుళ్లదీ. వాళ్ల చెయ్యి పడకుండా పూజ ముందుకు నడవదు.

భేటింగ్ అయిన కోడలికి కూతురు పుడితే, ఆ పిల్ల పెళ్లయి ఏ ఊరు వెళ్లినా పుట్టమట్టి కలపడానికి ఇక్కడికే వస్తుంది. ఆమెను నాగోబాకు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.