బేసిక్ ఎంత రాసిండ్రో చూసినవా తమ్మీ?

దుబాయ్‌లో ఒక బిల్డింగ్ సైట్‌లో నేను టైమ్‌కీపర్ని. పొద్దున క్యాంప్ బస్సులు రాగానే ఎవరు దిగారు, ఎవరు సిక్ అన్నారు, ఎవర్ని వేరే సైట్‌కు మళ్లించారు అన్నది రాసుకోవాలి. సాయంత్రం ఫోర్‌మన్ చెప్పిన ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు ఎక్కించాలి. నెలాఖరుకు షీట్ హెడ్ ఆఫీసుకు పంపాలి. జీతాలు వేసేది నేను కాదు. అయినా జీతం తక్కువ పడ్డదని ఎవరికి కోపం వచ్చినా ముందు కొట్టేది మాత్రం నా పోర్టా క్యాబిన్ తలుపే.

"అన్నా, పోయిన నెల ఓటీ మంచిగ చేసిన గదా, గిన్నే పైసలు వచ్చినయేందే? నువ్వు గంటలు తక్కువ రాసినవా?"

షీట్ తీసి చూపిస్తాను. గంటలు సరిగ్గానే ఉంటాయి. అసలు సంగతి ఆయన ఇంటి దగ్గరుండగానే వేలిముద్ర వేసి వచ్చిన కాగితంలో ఉంటుంది.

మా జగిత్యాల వైపు ఎవరు గల్ఫ్ పోతున్నాడన్నా ఊరంతా అడిగేది ఒక్కటే, జీతం ఎంత అని. 1,200 దిర్హమ్‌లు అంటాడు. దిర్హమ్‌కు 23 రూపాయల లెక్కన 27,600 రూపాయలు. ఊళ్లో మేస్త్రీ పని నెలంతా దొరకదు కాబట్టి ఆ అంకె వినడానికి బాగుంటుంది. అందులో బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. పోయేవాడు అడగడు, పిల్లనిచ్చిన మామ అడగడు, అప్పిచ్చేవాడు అసలే అడగడు.

అదే 1,200ను రెండు రకాలుగా రాయొచ్చు. బేసిక్ 1,000, అలవెన్సులు 200 అని రాయొచ్చు. బేసిక్ 600, అలవెన్సులు 600 అని కూడా రాయొచ్చు. నెల జీతం చేతికి వచ్చినప్పుడు తేడా ఏమీ కనబడదు. ఓటీ చేసినప్పుడు బయటపడుతుంది. ఇక్కడి చట్టం ప్రకారం ఓటీ గంటకు బేసిక్ మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. బేసిక్ 600 ఉన్నవాడికి రోజుకు 20, గంటకు రెండున్నర దిర్హమ్‌లు, పావు వంతు కలిపితే మూడు దాటి ఓ పన్నెండు ఫిల్స్ (దిర్హమ్‌కు వంద ఫిల్స్). రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు ఓటీ చేస్తే 52 గంటలకు 162 దిర్హమ్‌లు. బేసిక్ 1,000 ఉన్నవాడు అదే స్లాబ్ మీద, అదే ఎండలో, అవే 52 గంటలు చేస్తే 270. పక్కపక్కన నిలబడి ఒకే ఇనుప చువ్వను చెరో కొస పట్టుకుని మోసే ఇద్దరిని ఈ తేడాతో నేనే షీట్‌లో ఎక్కించిన నెలలున్నాయి.

కథ అక్కడితో అయిపోదు. పని మానేసి పోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్. 600 వాడికి ఏడాదికి 420 దిర్హమ్‌లు, 1,000 వాడికి 700. ఐదేళ్లు కష్టపడి ఇంటికి పోయేవాడి చేతిలో 2,100 పెట్టడానికీ, 3,500 పెట్టడానికీ తేడా బేసిక్ రాసిన ఆ ఒక్క లైన్ దగ్గరే ఉంది.

ఆఫర్ లెటర్‌లో ఈ లైన్ స్పష్టంగానే ఉంటుంది. దాచిపెట్టరు. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు మూడో భాషలో కూడా ఇస్తారు. మనవాళ్ల చేతుల్లో నేను చూసిన కాగితాల్లో ఆ మూడోది హిందీయో ఉర్దూయో, తెలుగుది మాత్రం నా కంటబడలేదు. ఏజెంట్ ఆఫీసులో రేపు ఫ్లైట్ అనగా కాగితాలు ముందర పెట్టి ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం అని వేలు చూపిస్తుంటే ఎవరు చదువుతారు? బ్యాగులో పచ్చడి డబ్బా కారకుండా ఎట్లా సర్దాలి అన్న టెన్షన్‌లో ఉంటాడు మనోడు.

అంతకంటే పెద్ద సంగతి, అప్పటికే డబ్బు కట్టేసి ఉంటాడు. చదివి నచ్చలేదన్నా వెనక్కి పోలేడు.

ఈ డబ్బు గురించి కొంచెం చెప్పాలి. మన దేశంలో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ మనిషి దగ్గర తీసుకోవాల్సింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. ఇక్కడి చట్టమైతే ఇంకో అడుగు ముందుకు వేసింది. మనిషిని తెచ్చుకునే ఖర్చు కంపెనీదే, కార్మికుడి దగ్గర నేరుగా గానీ చుట్టూ తిప్పి గానీ వసూలు చేయకూడదు అంటుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కొత్త లేబర్ చట్టంలోనే ఉంది ఆ మాట. మరి మా సైట్‌లో మనోళ్లను అడిగితే ఎంత కట్టామంటారు? లక్ష. లక్షా ఇరవై. లక్షన్నర. 35,400 మాత్రమే కట్టి రసీదు తెచ్చుకున్నవాడు ఒక్కడుంటే చూపించండి, నా జేబులోంచి చాయ్ తాగిస్తాను. ఎందుకంటే ఊళ్లో తిరిగేది లైసెన్స్ ఉన్న ఏజెంట్ కాడు. ఆయనకు మనుషుల్ని తెచ్చిచ్చే సబ్ ఏజెంట్. మన బంధువే అయి ఉంటాడు చాలాసార్లు. బావా అని పిలిచేవాణ్ణి రసీదు ఎట్లా అడుగుతాం?

ఆ డబ్బు మిత్తికి తెచ్చింది. నూటికి నెలకు రెండు రూపాయలు అంటే మావైపు అది తక్కువ మిత్తి కిందే లెక్క, తెలిసినవాళ్లయితేనే ఇస్తారు. ఏడాదికి 24 శాతం. లక్షా ముప్పై వేలు తెచ్చినోడికి నెలకు 2,600 మిత్తికే పోతుంది. విమానం దిగిన రోజు నుంచి జీతం రాదు. మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, జీతం కార్డు, ఇవన్నీ అయ్యేసరికి మొదటి జీతం పడటానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా మెస్ డబ్బులకు తోటివాళ్ల దగ్గర చేబదులు. ఆ తర్వాత లెక్క ఇట్లా ఉంటుంది: జీతం, ఓటీ కలిపి 1,360. మెస్ 350. ఫోన్, సబ్బులు, అప్పుడప్పుడు ఒక మందు బిళ్ల, అన్నీ కలిపి వంద. మిగిలింది 900 చిల్లర, రూపాయల్లో 21 వేల లోపు. మిత్తి పోగా 18 వేలు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లల ఫీజులకు సగం. అసలుకు జమయ్యేది తొమ్మిది వేలు. లక్షా ముప్పై తీరడానికి ఏడాది పైన రెండు మూడు నెలలు. కాంట్రాక్టే రెండేళ్లు! ఈలోపు ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు, చెల్లెలి పెళ్లి కుదరకూడదు, వరి పంట ఎండకూడదు.

ఈ అప్పే మనిషిని సైట్‌లో మెత్తబరుస్తుంది. నేను రోజూ చూసేది ఇదే. రోజుకు రెండు గంటలకు మించి ఓటీ చేయించకూడదని చట్టం. ఫోర్‌మన్ ఇంకో గంట ఉంటావా అంటే అప్పున్నవాడు ఉంటాడు, ఆ గంట వేరే రోజు మీద రాయమంటాడు కూడా. నేను రాయనంటే నా మీదే కోపం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్. మంచి నియమం, మా దగ్గర గట్టిగానే పాటిస్తారు. ఆ నెలల్లో సాయంత్రం ఓటీ తగ్గుతుంది. నీడన పడుకున్న మనిషి ముఖంలో విశ్రాంతి ఉండాలి కదా, ఈ నెల ఓటీ ఎంత పోయిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

ఇక పని పోతుందన్న భయం. కట్టడం అయిపోయి టవర్ అప్పగించే రోజు దగ్గర పడుతుంటే క్యాంప్‌లో మాటలు తగ్గిపోతాయి. కంపెనీ సొంత మనుషులకు వేరే ప్రాజెక్టు ఉండొచ్చు. సప్లై కంపెనీ వాళ్లను, అంటే మనుషుల్ని అద్దెకు పంపే కంపెనీ నుంచి వచ్చినవాళ్లను, ముందు వెనక్కి పంపేస్తారు. సప్లై కంపెనీ వాడు వాళ్లను క్యాంప్‌లో కూర్చోబెడతాడు. పని లేని రోజులకు బేసిక్ ఇస్తే అదృష్టం. మళ్లీ అదే లైన్, చూడండి. నేపాల్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి ఇంకా తక్కువకు వచ్చేవాళ్లున్నారని ఫోర్‌మన్ గుర్తు చేస్తూనే ఉంటాడు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్లూ అక్కడ ఎవరి దగ్గరో మిత్తికి తెచ్చే వచ్చారు.

2023 నుంచి ఇక్కడ ఉద్యోగం పోయినవాళ్లకు ఇన్సూరెన్స్ పెట్టారు, నెలకు 5 దిర్హమ్‌లు. కట్టకపోతే 400 జరిమానా, అందుకే అందరూ కడతారు. కనీసం పన్నెండు నెలలు కట్టి ఉండాలి, తప్పు చేశాడని తీసేసినా, తనే రాజీనామా ఇచ్చినా రాదు. వస్తే బేసిక్‌లో 60 శాతం, మూడు నెలల వరకు. 600 బేసిక్ వాడికి 360. మెస్‌కు సరిపోతుంది. అసలు లేనిదానికన్నా నయమే, కాదనను. కానీ దానితో మూడు నెలలు దుబాయ్‌లో నిలబడి పని వెతుక్కోవచ్చు అనుకునేవాడు దుబాయ్‌లో బెడ్‌స్పేస్ (గదిలో ఒక్క మంచం అద్దె) ఎంతో కనుక్కోలేదన్నట్టే.

వీళ్లందరికన్నా నాకు ఎక్కువ బాధనిపించేది విజిట్ వీసా పిల్లలు. డిగ్రీ, బీటెక్ చేసినవాళ్లు. ముందు పో, అక్కడ దొరుకుతుంది అని పంపుతారు. దుబాయ్‌లోని దేరాలో ఒక గదిలో రెండు అంతస్తుల మంచాలు, గోడకు ఒక్క ప్లగ్ పాయింట్‌కు నాలుగు ఫోన్లు. పొద్దున లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుని సీవీల ఫోల్డర్ పట్టుకుని మెట్రో ఎక్కుతారు. ఇక్కడ అనుభవం ఉందా అంటారు ప్రతిచోటా. విజిట్ మీద పని చేయడం నేరం. పెట్టుకున్న కంపెనీకి వేసే జరిమానాను 2024లో పెంచారు, ఇప్పుడది కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హమ్‌లు, దాంతో పెద్ద కంపెనీలు దగ్గరికే రానివ్వవు. చిన్నచిన్నవి మాత్రం ట్రయల్ అని పది రోజులు చేయించుకుని చెప్తాం అంటాయి. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటపడ్డవాళ్లలో మనోళ్లూ ఉన్నారు. జరిమానా మాఫీ అయింది, ఊళ్లో అప్పు కాలేదు.

పెద్దగా చదువుకోనివాళ్లు విజిట్ మీద వస్తే ఇంకోటి కూడా పోతుంది, బీమా. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి బయటి దేశం పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) ఉంటుంది, వాళ్లు పని వీసా మీద వస్తే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా పని చేయలేకపోయినా 10 లక్షలు. విజిట్ మీద ఎక్కించి పంపినవాడు ఈ నమోదంతా తప్పించినట్టే. టూరిస్టుకు బీమా ఎందుకు?

మొన్న కోరుట్ల వైపు నుంచి మా చిన్నమ్మ మనవడు ఫోన్ చేశాడు. షటరింగ్ కార్పెంటర్ వీసా, 1,400 అట. "మామా, శుక్రవారం లోపు అరవై వేలు కట్టకపోతే వీసా వేరేవాళ్లకు పోతదని ఏజెంట్ అంటుండు." ఆఫర్ లెటర్ ఉందా అన్నాను. డబ్బులు కట్టినంక పంపుతడట. కట్టొద్దు అన్నాను. లెటర్ ముందు రావాలి, అందులో కంపెనీ పేరు ఉండాలి, బేసిక్ ఉన్న లైన్ నాకు ఫోటో తీసి పెట్టాలి, ఏజెంట్ లైసెన్స్ నంబర్ ఈ-మైగ్రేట్‌లో చూడాలి, కట్టేది బ్యాంకులోనే కట్టాలి, రసీదు కావాలి అన్నాను. అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "మామా, గివన్నీ అడిగితే ఆయనకు కోపమొస్తది" అన్నాడు.

వస్తే రానీయ్ అన్నాను. వాడు కడతాడో లేదో తెలియదు. వాళ్ల నాన్న అప్పటికే బంగారం బ్యాంకులో పెట్టి వచ్చాడట.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లో అయినా బయల్దేరేవాళ్లుంటే కాంట్రాక్టు పేజీలన్నీ వెలుతురులో ఫోటో తీసి పంపండి, చదివి బేసిక్ ఎంత, తిండి ఎవరిది, టికెట్ ఎవరిది అన్నది తెలుగులో చెప్తాను. మాకు సెలవు ఆదివారం, ఆ రోజు అయితే జవాబు తొందరగా వస్తుంది. మంచి ఏజెంట్ ఎవరన్నా ఉంటే చెప్పు అని మాత్రం అడగకండి.