ఇక్కడ నల్ల వైరు న్యూట్రల్ అనుకోకూడదు

మన దేశంలో కరెంటు పని నేర్చుకుని ఇంగ్లండ్ వచ్చినవాళ్లు ముందుగా పక్కన పెట్టాల్సింది రంగుల లెక్క. ఎరుపు ఫేజు (కరెంటు ఉండే వైరు), నలుపు న్యూట్రల్ (సర్క్యూట్ పూర్తిచేసే వైరు), ఆకుపచ్చ ఎర్తు అని చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఇక్కడి పాత ఇళ్లలోనూ ఎరుపు, నలుపే కనిపిస్తాయి కాబట్టి అంతా తెలిసిన పనేనని ధైర్యం వస్తుంది. 2006 ఏప్రిల్ నుంచి కొత్త వైరింగులో ఫేజుకు గోధుమ రంగు, న్యూట్రల్‌కు నీలం తప్పనిసరి అయ్యాయి గానీ, గోడల్లో ఉన్న పాత వైర్లు మారలేదు కదా.

ఉన్న స్విచ్చుకే సీలింగ్‌లో కొత్త లైటు పెట్టమంటారు. పాత సీలింగ్ రోజ్ (పైకప్పు దగ్గర లైటు వైర్లు కలిసే గుండ్రటి డబ్బా) మూత విప్పితే చాలా ఇళ్లలో మూడు కేబుళ్లు కనిపిస్తాయి. కరెంటు తెచ్చేది ఒకటి, పక్క గది లైటుకు తీసుకెళ్లేది ఇంకోటి, స్విచ్చుకు దిగేది మూడోది. ఆ మూడోదాంట్లో అసలు న్యూట్రలే ఉండదు. ఎర్ర వైరులో కరెంటు స్విచ్చు దాకా వెళ్లి, స్విచ్చు వేయగానే నల్ల వైరులో పైకి తిరిగొస్తుంది. అంటే ఆ నల్లది కూడా ఫేజే. గుర్తుగా దానికి ఎర్ర స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) తొడిగి ఉండాలి, చాలాచోట్ల ఉండదు. నల్లవన్నీ ఒకచోట, ఎర్రవన్నీ ఒకచోట కలిపేస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది. స్విచ్చు వేసిన క్షణాన షార్టయి ఎంసీబీ (దానంతటదే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్చు) పడిపోతుంది.

ఇంకో చిక్కు: కొత్త లైట్లలో చాలావాటికి మూడే టెర్మినళ్లు (వైర్లు బిగించే చోట్లు). పాత రోజ్‌లో మాదిరి ఎర్రవన్నీ కలిసే చోటు వాటిలో లేదు. ఆ కలయికను వేరే కనెక్టర్‌లో భద్రంగా పెట్టకపోతే పక్క గదులు చీకటవుతాయి. అందుకే ఏదీ విప్పకముందే ఫోటో తీసి, స్విచ్చు కేబుల్‌కు టేపు చుడతాను.

ఇక్కడి పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించింది కరెంటు లేదని నిరూపించుకోవడం. ఎంసీబీ ఆపి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. స్క్రూడ్రైవర్ టెస్టరు లెక్కలోకి రాదు. అది వెలగకపోతే కరెంటు లేనట్టా, టెస్టరే పాడైనట్టా? అందుకని రెండు మొనల టెస్టరును ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత వైర్ల దగ్గర చూసి, మళ్లీ కరెంటున్న చోట చూస్తాం. ఈ కాసేపటికి మా సూపర్‌వైజర్ ఎప్పుడూ తొందరపెట్టలేదు. పనివాడి ప్రాణానికి ఇంత విలువ ఇవ్వడం ప్రతి దేశంలోనూ ఉండాలి.

ఒకింట్లో పెద్దావిడ ముచ్చటపడి ఇత్తడి లైటు కొన్నారు. పైన చూస్తే ఎర్తు వైరే లేదు. 1966కు ముందు ఇక్కడ లైట్ల సర్క్యూట్లకు ఎర్తు తప్పనిసరి కాదు, ఆ ఇల్లు అంతకన్నా పాతది. లోహపు లైటు ఎర్తు లేకుండా పెట్టలేనని చెప్పాను. కొత్త కేబుల్ లాగాలంటే ప్లాస్టరు చెక్కాలి, లేదంటే చతురస్రంలో చతురస్రం గుర్తున్న, ఎర్తు అవసరం లేని డబుల్ ఇన్సులేషన్ లైటు తెచ్చుకోవాలి. ఆవిడ ఒక రోజు ఆలోచించుకుని, ప్లాస్టరు చెక్కడానికే ఒప్పుకున్నారు.