వీడియోలో వెనక్కి తిరిగిన రాట్నం

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నేత మీద వీడియో తీస్తున్నాను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత ఇది. ఎండలో అరుగు మీద కూర్చుని ఒక పెద్దమ్మ రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. ఫోన్‌లో తీసి చూపిస్తే, “నేను ముందుకు తిప్పుతుంటే ఇది వెనక్కి తిరుగుతున్నదేంది బిడ్డా?” అంది. నిజమే! పని నేర్చుకునేవాళ్లు చూసే వీడియోలో చక్రం అటు తిరిగితే ఎలా? నాకు టెన్షన్ మొదలైంది.

ఆ చక్రానికి 12 ఆకులు (నడిమి నుంచి అంచుకు పోయే పుల్లలు), అంటే 30 డిగ్రీలకు ఒకటి. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు, తీస్తోంది. ఆమె సెకనుకు రెండు చుట్లు తిప్పితే ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు చక్రం 24 డిగ్రీలు జరుగుతుంది. ముందున్న ఆకు చోటికి ఇంకా 6 డిగ్రీలు తక్కువ. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడికి పోయిందో కంటికి తెలియదు, దగ్గరి లెక్కే తీసుకుంటుంది. ముందుకు 24 జరిగినా వెనక్కి 6 జరిగినట్టే కనిపిస్తుంది. సెకనుకు రెండున్నర చుట్లయితే సరిగ్గా 30 డిగ్రీలు, చక్రం ఆగినట్టే ఉంటుంది.

లెక్క సరే, కళ్లతో చూడాలి కదా. ఒక ఆకుకు ఎర్ర దారం కట్టి మళ్లీ తీశాను. ఎంత బాగుందో! దారం కట్టిన ఆకు ముందుకే పరిగెడుతోంది, మిగతావి వెనక్కి పోతున్నాయి. ఒకే చక్రంలో రెండూ!

ఫోన్‌ను 60 ఫ్రేములకు మార్చాను. ఇప్పుడు ఫ్రేముకు 12 డిగ్రీలే. ఆకుల మధ్య దూరంలో సగం, అంటే 15, దాటలేదు. చక్రం దారికొచ్చింది. రెండున్నర చుట్లు దాటితే 60 కూడా చాలదు, అందుకే పెద్దమ్మను కాస్త నిదానంగా తిప్పమన్నాను.

ఇంట్లో మగ్గం దగ్గర మరో చిక్కు. పాత చోక్ ట్యూబ్‌లైట్ కింద వీడియోలో చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే సమయాన్ని, సెకనులో వందో వంతుకు పెడితే ప్రతి ఫ్రేములో సరిగ్గా ఒక మిణుకు పడి చారలు పోయాయి. ఇలాంటి వెలుగులోనే లేత్ మెషిన్ తిరుగుతున్నా ఆగినట్టు కనిపించవచ్చు, చెయ్యి పెడితే ప్రమాదం. అందుకే వర్క్‌షాపుల్లో అన్నీ ఒకేసారి మిణుకుమనకుండా పక్కపక్క లైట్లను కరెంటులోని వేర్వేరు ఫేజులకు కలుపుతారు.