ఓయిసోలో యోషిదా ఇల్లు

టోక్యోకి వచ్చి రెండేళ్లయినా ఓయిసో అనే ఊరి పేరు వినలేదు నేను. ఆఫీసులో ఒక పెద్దాయన "రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మేం ఎలా లేచామో తెలియాలంటే మా అప్పటి ప్రధాని యోషిదా షిగేరు ఇల్లు చూసిరా" అన్నారని, ఆదివారం పొద్దున్నే పులిహోర డబ్బాలో పెట్టుకుని టోకైదో లైన్ రైలెక్కాను. దిగేసరికి బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. ఇక నడకే.

ఇల్లు అసలుది కాదు. పాతది 2009 మార్చిలో కాలిపోతే, అలాగే మళ్లీ కట్టి 2017లో తెరిచారు. యుద్ధంలో గెలిచిన దేశాలతో జపాన్ చేసుకున్న శాంతి ఒప్పందానికి గుర్తుగా కట్టించిన "కబుతో" (శిరస్త్రాణం) గేటు మాత్రం మంటల్లో మిగిలింది. పడవ ఆకారంలో ఉన్న స్నానాల తొట్టి చూసి నవ్వొచ్చింది. ఆయన చదువుకునే గదిలో నల్ల ఫోన్ ఉంది, ప్రధాని కార్యాలయానికి నేరుగా లైన్ ఉండేదట.

ఆ ఫోన్ ముందు చాలాసేపు నిలబడ్డాను. 1946లో ప్రధాని అయ్యేనాటికి దేశంలో తినడానికి తిండి లేదు. 45 లక్షల టన్నుల ధాన్యం కావాలని, ఓడిన జపాన్ మీద అప్పుడు పెత్తనం చేస్తున్న అమెరికా జనరల్ మెకార్థర్‌ని అడిగితే, చివరికి అందులో చిన్న భాగంతోనే గట్టెక్కారు. ఇవేం లెక్కలని ఆయన కోప్పడితే, మా లెక్కలు సరిగ్గా ఉంటే ఆ యుద్ధానికే దిగేవాళ్లం కాదు కదా అన్నారట ఈయన! తర్వాత పెద్ద సైన్యం పెట్టుకోమని అమెరికా ఎంత ఒత్తిడి చేసినా, 1950లో 75,000 మందితో ఒక పోలీసు దళం పెట్టి, రక్షణ భారం వాళ్లమీదే ఉంచి, ఉన్న డబ్బు ఫ్యాక్టరీలకు మళ్లించారు. మొండి మనిషి. కాకపోతే అదృష్టమూ కలిసొచ్చింది, కొరియా యుద్ధానికి అమెరికా సైన్యం నుంచి సరుకుల ఆర్డర్లు రాకపోతే కథ వేరేలా ఉండేదని నా అనుమానం. 1953లో పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుణ్ని "బకయారో" (వెధవా) అని గొణిగితే ఆ గొడవ సభ రద్దు దాకా వెళ్లింది. మన అసెంబ్లీల్లో ఆ లెక్కన రోజుకో ఎన్నిక పెట్టాలి.

తోటలో ఆయన విగ్రహం శాన్ ఫ్రాన్సిస్కో వైపు చూస్తూ ఉంటుంది. 1951 సెప్టెంబర్ 8న ఆ శాంతి ఒప్పందం మీద సంతకం చేసింది అక్కడే, అదే రోజు అమెరికాతో భద్రతా ఒప్పందం మీద జపాన్ తరఫున ఒక్కరే సంతకం పెట్టారు. 1952 ఏప్రిల్ 28న జపాన్ స్వతంత్రమైంది, దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు మాత్రం 1972 దాకా అమెరికా చేతిలోనే ఉండిపోయాయి. ఆ ఏప్రిల్ 28ని ఒకినావావాళ్లు అవమానదినం అంటారు. ఆ మాట విగ్రహం దగ్గర గుర్తొచ్చి, ఫొటో తీయాలనిపించలేదు.

బయట పులిహోర డబ్బా తెరుస్తుంటే, గద్దలు తన్నుకుపోతాయి జాగ్రత్త అని పక్క బెంచీ మీది ముసలాయన చేత్తో సైగ చేశారు. ఏ దేశమని అడిగితే ఇండియా అన్నాను. "శాన్ ఫ్రాన్సిస్కోకి మీవాళ్లు రాలేదు కదా" అని నవ్వారు. 1952 జూన్‌లో విడిగా ఒప్పందం చేసుకుని, నష్టపరిహారం కూడా వద్దన్నామని నాకొచ్చిన జపనీస్‌లో చెప్పాను. ఆయన తల ఊపి, పులిహోర కొంచెం పెట్టమని చెయ్యి చాపారు.